రాతలో ఉన్న యంత్రం

2012 ఆగస్టు 1. న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో ఉదయం తొమ్మిదిన్నరకు లావాదేవీలు మొదలయ్యాయి. నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థకు చిన్న మదుపుదారుల నుంచి వచ్చిన ఆర్డర్లు 212. వాటిని నెరవేర్చబోయి ఆ సంస్థ కంప్యూటర్లు ముప్పావుగంటలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు చేసేశాయి. చేతులు మారినవి 39.7 కోట్ల షేర్లు. ఆపగలిగేసరికి సంస్థ నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాదే అది ఇంకో సంస్థతో విలీనమైంది.

అసలేం జరిగిందో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో వివరంగా ఉంది. ఆర్డర్లు పంపే సర్వర్లు ఎనిమిది. అంతకు కొన్ని రోజుల ముందు నుంచి వాటిలో కొత్త ప్రోగ్రామ్ ఎక్కిస్తూ వచ్చారు. ఆ పని చూసిన ఉద్యోగి ఏడింటిలో ఎక్కించి ఎనిమిదోదాన్ని వదిలేశాడు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం లేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లో పవర్ పెగ్ అనే పాత కోడ్ ఇంకా ఉంది. దాని వాడకం 2003లోనే ఆపేశారు కానీ తీసెయ్యలేదు. ఒకప్పుడు పవర్ పెగ్‌ను నడిపించడానికి వాడిన సంకేతాన్నే కొత్త ప్రోగ్రామ్ వేరే పనికి తిరిగి వాడుకుంది. ఏడు సర్వర్లు ఆ సంకేతాన్ని కొత్త అర్థంలో తీసుకున్నాయి, ఎనిమిదోది పాత అర్థంలో తీసుకుంది. ఆర్డరు పూర్తయిందా లేదా అని లెక్క చూసే భాగాన్ని 2005లో కోడ్‌లో వేరే చోటికి జరిపారు. దాంతో పవర్ పెగ్‌కి ఎక్కడ ఆగాలో తెలియలేదు.

అసలు విడ్డూరం ఆ తర్వాతిది. మంటలార్పే హడావిడిలో ఇంజినీర్లు కొత్త ప్రోగ్రామ్‌నే అనుమానించి, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచీ దాన్ని తీసేశారు. ఒక్క సర్వర్ చేస్తున్న పని ఎనిమిదీ చెయ్యడం మొదలుపెట్టాయి.

తప్పు ఏ ఒక్క సర్వర్‌లోనూ లేదు, వాటి మధ్య ఉన్న తేడాలో ఉంది. తేడా అనేది ఒక యంత్రాన్ని ఎంతసేపు చూసినా కనపడదు. అన్ని యంత్రాలూ ఎలా ఉండాలో ఒక చోట రాసిపెట్టుకుని, ఉన్నదాన్ని ఆ రాతతో పోల్చితేనే బయటపడుతుంది. ఈ పోలిక కోసం కంప్యూటర్ రంగం రెండు దారులు వేసుకుంది. ఒకటి, రాసినట్టు లేని యంత్రాన్ని రాతకు తగ్గట్టు సరిచెయ్యడం. రెండోది, సరిచెయ్యకుండా పారేసి కొత్తది పెట్టడం. మొదటిదాని పేరు కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్. రెండోదాన్ని ఇంటింటి మాట చేసింది కంటెయినర్. రెండోది వచ్చాక మొదటిదానికి కాలం చెల్లిందని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ఎందుకు కాదో చూడటమే ఈ అధ్యాయం పని.

మెట్లు చెప్పాలా, గమ్యం చెప్పాలా

ఒకే రోజు ఒకేలా తయారుచేసిన రెండు సర్వర్లు ఏడాది తిరిగేసరికి ఒకేలా ఉండవు. ఒకదానిలో ఎవరో అర్ధరాత్రి ఒక ఫైలు మార్చి ఉంటారు. రెండోదానిలో ఒక అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి ఉంటుంది. ఇలా మెల్లగా పక్కకు జరగడాన్ని ఇంజినీర్లు డ్రిఫ్ట్ అంటారు.

దీనికి అందరికీ ముందు తోచే మందు స్క్రిప్టు: చెయ్యాల్సిన పనులన్నీ వరసగా రాసి ప్రతి సర్వర్‌లోనూ నడపడం. కానీ స్క్రిప్టు చెప్పేది మెట్లు. బిందెలో మూడు చెంబుల నీళ్ళు పొయ్యమంటే, బిందె ఖాళీగా ఉన్నప్పుడు సరిపోతుంది, సగం నిండి ఉంటే పొర్లిపోతుంది. బిందె నిండా ఉండాలి అని చెబితే పోసేవాడు ముందు లోపలికి చూస్తాడు, వెలితి ఉన్నంతే పోస్తాడు, నిండి ఉంటే ఊరుకుంటాడు. అదే మాట పదిసార్లు చెప్పినా ప్రమాదం లేదు. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే అయ్యే ఈ గుణాన్ని గణితంలో, కంప్యూటర్ శాస్త్రంలో ఐడెంపోటెన్స్ అంటారు.

ఈ ఆలోచనను పనిముట్టుగా మలిచినవారిలో మొదట చెప్పుకోవాల్సిన పేరు మార్క్ బర్జెస్. ఆయన చదివింది సైద్ధాంతిక భౌతికశాస్త్రం. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా ఉంటూ, రకరకాల యూనిక్స్ కంప్యూటర్లను ఒక దారిలో ఉంచడానికి సీఎఫ్‌ఇంజిన్ అనే సాధనం రాశాడు. యంత్రం ఏ స్థితిలో ఉండాలో చెబితే చాలు, అక్కడికి ఎలా చేరాలో సాధనమే తేల్చుకుంటుంది. 1998లో ఆయన ఇదే ధోరణిని ఇంకా ముందుకు తీసుకెళ్ళి, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థలా కంప్యూటర్ కూడా తనను తాను సరిచేసుకోవాలని ప్రతిపాదించాడు.

తర్వాత వచ్చిన పప్పెట్ (2005), షెఫ్ (2009), సాల్ట్ (2011), ఆన్సిబుల్ (2012) అన్నీ ఆ దారిలోనివే. హైదరాబాద్ అమీర్‌పేటలో శిక్షణ సంస్థల బోర్డుల మీద డెవాప్స్ అన్న మాట కింద కనిపించే పేర్లు ఇవి. వీటి మధ్య తేడాలు పనితీరులో ఉన్నాయి. పప్పెట్‌కు ప్రతి సర్వర్‌లో ఒక ఏజెంటు ఉంటుంది. మామూలుగా అరగంటకోసారి లేచి, రాతతో పోల్చుకుని, తేడా ఉంటే దిద్దుకుంటుంది. మైకేల్ డిహాన్ రూపొందించిన ఆన్సిబుల్‌కు ఏజెంటు అక్కర్లేదు; ఎవరైనా నడిపినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత నెట్‌వర్క్ దారిన సర్వర్‌లోకి వెళ్ళి, చూసి, దిద్ది, బయటికొచ్చేస్తుంది. రాత ఉండే ఫైలును ప్లేబుక్ అంటారు. 2015లో రెడ్‌హ్యాట్ ఆన్సిబుల్‌ను కొనుక్కుంది.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. సాధనానికి తెలిసింది రాతలో ఉన్నంతవరకే. ప్లేబుక్‌లో ఒక ప్యాకేజీ పేరు రాస్తే ఆన్సిబుల్ దాన్ని ఇన్‌స్టాల్ చేస్తుంది. రేపు ఆ వరస చెరిపేస్తే ప్యాకేజీ పోదు. దాని గురించి సాధనం పట్టించుకోవడం మానేస్తుంది, అంతే. పోవాలంటే ఇది ఉండకూడదు అని విడిగా రాయాలి. ఎవరూ రాయని పాత సామాను యంత్రంలో అలాగే ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. పవర్ పెగ్‌లాంటివి బతికేది ఈ సందుల్లోనే.

దిద్దకు, మార్చెయ్

రాయనిది ఏదీ ఉండకూడదంటే ఒకటే ఉపాయం: ప్రతిసారీ ఖాళీ నుంచి మొదలుపెట్టడం. కంటెయినర్ ఇచ్చేది ఈ సౌకర్యాన్నే.

కంటెయినర్‌ను చిన్న కంప్యూటర్ అనుకుంటారు కానీ అది మామూలు ప్రోగ్రామే. సర్వర్‌లోని లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) మీదే, మిగతా ప్రోగ్రాముల పక్కనే నడుస్తుంది. కెర్నెల్ దానికి రెండు హద్దులు గీస్తుంది. నేమ్‌స్పేసులు అది ఏం చూడగలదో నిర్ణయిస్తాయి: తన ఫైళ్ళు, తన ప్రాసెసులు, తన నెట్‌వర్క్ తప్ప వేరేవి కనపడవు. సీగ్రూపులు అది ఎంత వాడుకోగలదో నిర్ణయిస్తాయి: ఇంత మెమరీ, ఇంత ప్రాసెసర్ సమయం. ఈ హద్దులు ఒక్కరోజులో వచ్చినవి కావు. ప్రోగ్రామ్‌కు వేరే ఫైళ్ళ చెట్టును చూపించే సీహెచ్‌రూట్ 1979లో యూనిక్స్‌లో పుట్టింది. 2000లో ఫ్రీబీఎస్‌డీలో జైల్ అన్న సదుపాయం వచ్చింది. గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టిన సీగ్రూపులు 2008 జనవరిలో లినక్స్ కెర్నెల్‌లోకి చేరాయి.

అంటే 2013 మార్చిలో పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను చూపించేసరికి కెర్నెల్‌లో కావలసినవి చాలావరకు ఉన్నాయి. డాకర్ అదనంగా తెచ్చినవాటిలో ముఖ్యమైనది ఇమేజ్. ప్రోగ్రామ్, దానికి కావలసిన లైబ్రరీలు, ఫైళ్ళు అన్నీ పొరలు పొరలుగా పేర్చి కట్టిన మూట అది. ఆ మూటకు షా-256 అనే గణిత ప్రక్రియతో ఒక వేలిముద్ర తీస్తారు. 64 అక్షరాంకెల వరస. లోపల ఒక్క బైటు మారినా వేలిముద్ర మారిపోతుంది. నడుస్తున్న రెండు కంటెయినర్లు ఒకే వేలిముద్ర ఉన్న ఇమేజ్ నుంచి పుడితే, పుట్టిన క్షణాన అవి లోపల ఒకేలా ఉన్నట్టే. ఎనిమిది సర్వర్లూ ఒకేలా ఉన్నాయా అన్న ప్రశ్నకు ఎనిమిది వేలిముద్రలు పోల్చి జవాబు చెప్పొచ్చు.

కొత్త వెర్షన్ వస్తే పాత కంటెయినర్‌లోకి వెళ్ళి ఏదీ మార్చరు. దాన్ని ఆపి, తీసేసి, కొత్త ఇమేజ్ నుంచి ఇంకోటి పుట్టిస్తారు. మరి దిద్దడానికి ఏమీ లేనప్పుడు దిద్దే సాధనం ఎందుకు?

బయట మిగిలిపోయిన పని

ఒక చిన్న సంస్థ తీసుకుందాం. రెండు సర్వర్లు, వాటిలో ఒక వెబ్ ప్రోగ్రామ్, ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. మూడూ కంటెయినర్లే. ఇమేజ్‌లు సిద్ధంగా ఉన్నాయి. అయినా ఎవరో ఒకరు సర్వర్‌లో డాకర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి, ఫైర్‌వాల్ పెట్టాలి, డిస్కు సర్దాలి. కంటెయినర్‌కు ఏ పోర్టు ఇవ్వాలి, ఏ నెట్‌వర్క్‌లో కలపాలి, ఎంత మెమరీ దాటనివ్వకూడదు, ఏ పాస్‌వర్డ్ అందించాలి, డేటా ఏ వాల్యూమ్‌లో (కంటెయినర్ పోయినా మిగిలే నిల్వలో) ఉండాలి, పడిపోతే లేపాలా వద్దా — ఇవన్నీ ఇమేజ్‌లో ఉండవు, ఉండకూడదు కూడా. అదే ఇమేజ్ పరీక్షల సర్వర్‌లో ఒక పాస్‌వర్డ్‌తో, అసలు సర్వర్‌లో మరో పాస్‌వర్డ్‌తో నడవాలి కదా.

వీటిని టెర్మినల్‌లో పొడుగాటి ఆదేశంగా చేత్తో కొడితే మళ్ళీ మొదటికే వచ్చాం. ఆ ఆదేశం ఎవరి జ్ఞాపకంలోనో ఉంటుంది, రెండో సర్వర్‌లో కొట్టేటప్పుడు ఒక ముక్క జారిపోతుంది. నైట్ క్యాపిటల్ సమస్య ఇమేజ్ లోపల తీరి, ఇమేజ్ చుట్టూ కొత్తగా మొలుస్తుంది.

ఆన్సిబుల్‌లో కంటెయినర్ కోసం ఒక మాడ్యూల్ ఉంది. ప్లేబుక్‌లో ఇమేజ్ పేరు, పోర్టులు, వాల్యూములు, పర్యావరణ చరరాశులు (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందించే విలువలు), నడుస్తూ ఉండాలి అన్న షరతు రాస్తాం. నడిపినప్పుడు మాడ్యూల్ డాకర్‌ను అడిగి ఆ పేరుతో ఉన్న కంటెయినర్ వివరాలు తెస్తుంది, ఒక్కొక్కటిగా పోల్చుతుంది. అన్నీ సరిపోతే ఏమీ చెయ్యదు. పోర్టు ఒకటి తేడా ఉందనుకోండి, నడుస్తున్న కంటెయినర్‌కు పోర్టు మార్చే వీలు డాకర్‌లో లేదు. అందుకని దాన్ని ఆపి, తీసేసి, కొత్త వివరాలతో మళ్ళీ పుట్టిస్తుంది. చూశారా, పోల్చడం బర్జెస్ నాటి పద్ధతి, మార్చడం కంటెయినర్ పద్ధతి. రెండు దారులూ ఒకే పనిలో కలిశాయి.

మామూలు సర్వర్‌కు చేసినట్టే కంటెయినర్ లోపలికి వెళ్ళి దిద్దడం కూడా ఆన్సిబుల్‌కు చేతనవును, కానీ ఆ పని చెయ్యకపోవడమే మేలు. ఆన్సిబుల్ మాడ్యూళ్ళు చాలావరకు లోపల పైథాన్ ఉంటేనే నడుస్తాయి. పొదుపుగా కట్టిన ఇమేజ్‌లలో అది ఉండదు. ఉన్నా, లోపల దిద్దినది ఆ కంటెయినర్‌తోనే పోతుంది. దిద్దాల్సింది ఇమేజ్ తయారీని.

సాధనానికి కనపడనివి

రాతతో పోల్చడం బాగానే ఉంది. కానీ సాధనం దేన్ని పోల్చుతోంది? ఇక్కడే అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడతారు. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది ట్యాగ్. ఇమేజ్‌లను వేలిముద్రతో కాక లేటెస్ట్ లాంటి ట్యాగ్‌తో పిలవడం అందరి అలవాటు. ట్యాగ్ ఒక చీటీ మాత్రమే. నిన్న ఒక ఇమేజ్‌కు అంటించినదాన్ని ఈరోజు ఇంకోదానికి అంటించొచ్చు. రెండు సర్వర్లు వేర్వేరు రోజుల్లో లేటెస్ట్ తెచ్చుకుంటే రెండింటి రాతా ఒక్కటే, నడిచేవి మాత్రం వేరు. రాతలో కచ్చితమైన వెర్షన్ గానీ వేలిముద్ర గానీ రాస్తేనే పోలికకు అర్థముంటుంది.

రెండోది బయటి నుంచి లోపలికి చూపించిన ఫైలు. ఎన్‌జిన్ఎక్స్ అమరికల ఫైలును సర్వర్‌లో ఉంచి, ఆ ఒక్క ఫైలును కంటెయినర్‌లోకి మౌంట్ చేశామనుకోండి. ఆన్సిబుల్ ఫైలు మార్చేటప్పుడు జాగ్రత్త కోసం పాతదాని మీద రాయదు. పక్కన కొత్త ఫైలు పూర్తిగా రాసి, ఆ తర్వాత పేరు మార్చి పాతదాని స్థానంలో పెడుతుంది. పేరు అదే, కానీ డిస్కు మీద అది వేరే ఫైలు. కంటెయినర్ మాత్రం పాత ఫైలునే పట్టుకుని ఉంటుంది. సర్వర్‌లో తెరిచి చూస్తే కొత్త వాక్యం, కంటెయినర్ లోపల చూస్తే పాత వాక్యం. కంటెయినర్ వివరాల్లో ఏ తేడా లేదు కాబట్టి కంటెయినర్ మాడ్యూల్‌కు ఇదేమీ కనపడదు. ఫైలు మారితే కంటెయినర్‌ను రీస్టార్ట్ చెయ్యాలి అన్న సంబంధాన్ని ప్లేబుక్‌లో మనమే రాయాలి. ఆన్సిబుల్‌లో దీనికి హ్యాండ్లర్ అనే ఏర్పాటు ఉంది.

మూడోది అన్నిటికన్నా కొంటెది. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌కు డేటాబేస్ పాస్‌వర్డ్‌ను పర్యావరణ చరరాశిగా ఇస్తాం. ఆ ఇమేజ్ పాస్‌వర్డ్‌ను చూసేది డేటా ఫోల్డరు ఖాళీగా ఉన్నప్పుడే, అంటే మొట్టమొదటిసారే. ఆర్నెల్ల తర్వాత ప్లేబుక్‌లో పాస్‌వర్డ్ మార్చి నడిపితే ఆన్సిబుల్ తేడా పసిగడుతుంది, కంటెయినర్‌ను తీసేసి కొత్తది పెడుతుంది, మారింది అని ప్రకటిస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం పాతదే. అది వాల్యూమ్‌లో ఉంది, వాల్యూమ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అలాగే పోస్ట్‌గ్రెస్ 15 అన్న చోట 16 అని దిద్దితే కంటెయినర్ అసలు లేవదు. ఒక ప్రధాన వెర్షన్ రాసిన డేటా ఫైళ్ళను తర్వాతిది నేరుగా చదవలేదు. వాటిని మార్చే పని విడిగా చెయ్యాలి.

ఈ మూడో ఉదాహరణ ఇంకో సంగతి కూడా చెబుతోంది. పారేసి కొత్తది పెట్టడం జ్ఞాపకం లేనివాటికి మాత్రమే చెల్లుతుంది. డేటాకు గతం ఉంటుంది. దాన్ని పారెయ్యలేం కాబట్టి అక్కడ ఇప్పటికీ పాత పద్ధతే: చూడటం, పోల్చడం, జాగ్రత్తగా ముందుకు జరపడం.

వందలు దాటాక

రెండు మూడు సర్వర్లకు ఆన్సిబుల్, డాకర్ కలిసి హాయిగా సరిపోతాయి. వందల సర్వర్లు, వేల కంటెయినర్లు అయితే ఏ కంటెయినర్ ఏ సర్వర్‌లో ఉండాలో మనిషి రాయలేడు. రాత్రి రెండింటికి ఒక సర్వర్ చచ్చిపోతే, ప్లేబుక్‌ను ఎవరో ఒకరు నడిపేదాకా ఆన్సిబుల్‌కు ఆ సంగతే తెలియదు. గూగుల్ తన లోపలి వ్యవస్థ బోర్గ్ అనుభవంతో 2014లో ప్రకటించి, 2015 జులైలో తొలి పూర్తి వెర్షన్‌గా విడుదల చేసిన కుబర్నెటిస్ ఈ ఖాళీని పూరించింది. ఈ ప్రోగ్రామ్ మూడు ప్రతులు నడుస్తూ ఉండాలి అని రాసిస్తే, ఆ రాతను ఎట్సీడీ అనే నిల్వలో పెట్టుకుని, ఉన్నవాటిని ఎడతెగకుండా దానితో పోల్చుతుంది. రెండే ఉంటే ఇంకోటి పుట్టిస్తుంది, నాలుగుంటే ఒకటి తీసేస్తుంది.

కొత్త పేర్లన్నీ పక్కన పెట్టి చూస్తే ఇది ఎక్కడో చూసిన పనే. కావలసిన స్థితి రాయడం, ఉన్న స్థితి చదవడం, తేడా పూడ్చడం. 1993లో ఓస్లోలో ఒక యంత్రంలోని ఫైళ్ళ మీద తిరిగిన చక్రమే ఇక్కడ ఒక డేటాసెంటర్‌లోని కంటెయినర్ల మీద తిరుగుతోంది. పైగా కుబర్నెటిస్ నడవాలన్నా కింద సర్వర్లను ఎవరో సిద్ధం చెయ్యాలి. ఆ పనికి చాలామంది వాడే క్యూబ్‌స్ప్రే అనే ప్రాజెక్టు ఆన్సిబుల్ ప్లేబుక్‌ల కట్టే.

చిల్లు పడితే ఎవరు పూడ్చాలి

భద్రత దగ్గర ఈ రెండు దారుల కొలత స్పష్టంగా తెలుస్తుంది. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు విరివిగా వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో ఘోరమైన లోపం బయటపడింది. ప్యాకేజీలను సర్వర్‌లోనే ఇన్‌స్టాల్ చేసే రోజుల్లో ఇలాంటిదానికి జవాబు, సర్వర్లన్నిటిలో ఆ ప్యాకేజీ వెర్షన్ ఇంతకన్నా తక్కువ ఉండకూడదని రాయడం. కంటెయినర్లలో ప్రతి ఇమేజ్‌కూ తన సొంత ప్రతి ఉంటుంది. ఏ ఇమేజ్‌లో ఏముందో తెలియాలి, లోపమున్న ఇమేజ్‌నల్లా మళ్ళీ కట్టాలి, ఆ తర్వాత నడుస్తున్నవాటిని మార్చాలి. మార్పులేని ఇమేజ్ అంటే మంచితో పాటు లోపమూ మారకుండా ఉండిపోతుందని అర్థం.

2019 ఫిబ్రవరి నాటి లోపం దీనికి ఎదురు దిక్కుది. కంటెయినర్లను పుట్టించే రన్‌సీ అనే ప్రోగ్రామ్‌లో ఉన్న తప్పు వల్ల, దురుద్దేశంతో కట్టిన కంటెయినర్ ఒకటి బయటి సర్వర్‌లోని రన్‌సీనే తిరగరాసి ఆ సర్వర్ మీద పూర్తి అధికారం పొందే వీలు ఏర్పడింది. ఇమేజ్‌లు ఎన్నిసార్లు మళ్ళీ కట్టినా ఇది తీరదు. సరిచెయ్యాల్సింది సర్వర్‌ను, సరిచేసేది కాన్ఫిగరేషన్ సాధనం.

కాబట్టి పంపకం ఇలా ఉంటే చిక్కులు తక్కువ. ప్రోగ్రామ్ వెర్షన్‌తో పాటు మారేది ఇమేజ్‌లో ఉండాలి. చోటును బట్టి మారేది — సర్వర్, పోర్టు, పాస్‌వర్డ్, పరిమితి — కాన్ఫిగరేషన్ రాతలో ఉండాలి. పాస్‌వర్డ్‌లాంటి రహస్యాలను ఆన్సిబుల్ వాల్ట్‌లాంటి ఏర్పాటుతో గుప్తలిపిలో ఉంచాలి. అయితే పర్యావరణ చరరాశిగా ఇచ్చిన రహస్యాన్ని, ఆ సర్వర్‌లో డాకర్‌ను అడిగే హక్కున్నవాళ్ళెవరైనా చదవగలరని గుర్తుంచుకోవాలి. ఇమేజ్, కాన్ఫిగరేషన్ రాత రెండూ మారినా బతకాల్సింది వాల్యూమ్‌లో ఉండాలి, దానికి బ్యాకప్ వేరే చోట ఉండాలి.

ఇదంతా పద్ధతిగా అమర్చుకున్నాక కూడా ఒక రాత్రి ఏదో ఆగిపోతుంది. నిద్రలోంచి లేచిన ఇంజినీరు నేరుగా సర్వర్‌లోకి వెళ్ళి రెండు అమరికలు మార్చి నిలబెడతాడు. అందులో తప్పేమీ లేదు, ఆ సమయానికి అదే ధర్మం. కానీ ఆ మార్పు ప్లేబుక్‌లోకి ఎక్కకపోతే, మర్నాడు ఎవరో మరో పనిమీద దాన్ని నడపగానే సాధనం తేడా గమనిస్తుంది. అతను రాత్రంతా కూర్చుని సరిచేసినదాన్ని తప్పుగా లెక్కగట్టి, ఆగిపోయిన స్థితికే మళ్ళీ తీసుకొచ్చి పెడుతుంది. దాని దృష్టిలో అది బాగుచెయ్యడమే. సాధనానికి సర్వర్ బాగుందా లేదా అన్నది తెలియదు, రాసినట్టుందా లేదా అన్నదే తెలుసు. అది బాగుండేలా చూడటం రాసేవాళ్ళ పని.